కౌబాయ్ తుపాకి కడపకొస్తే...

గండికోటకు మొదటిసారి వచ్చినవాళ్లు లోయ అంచున నిలబడగానే దాదాపు ఒకే మాట అంటారు. ‘అచ్చం ఇంగ్లిషు సినిమాలా ఉంది కదూ!’ ఏ సినిమా అని అడిగితే పేరు చెప్పలేరు. కానీ కళ్ల ముందు ఎర్రటి కొండలు, దుమ్ము రేపే గుర్రం, వెడల్పు టోపీ, నడుముకి తోలు పట్టీ కదులుతుంటాయి. కుర్రాళ్లయితే ఇంకో అడుగు ముందుకేసి టోపీ తెచ్చుకుంటారు. బండ మీద కాలు పెట్టి, చేతిలో లేని తుపాకీని ఉన్నట్టు పట్టుకుని ఫొటో దిగుతారు.

తప్పు వాళ్లది కాదు. ఆ చోటు అలాంటిది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వస్తే ఎర్రమల కొండల మధ్య పెన్నానది కోసుకుంటూ పోయిన లోయ. దాదాపు మూడు వందల అడుగుల లోతు. అటూ ఇటూ ఎవరో పేర్చి పెట్టినట్టుండే ఎర్రబండలు. పొద్దు వాలేవేళ అవి ఎరుపు నుంచి రాగిరంగుకి, రాగిరంగు నుంచి నలుపుకి మారుతుంటే చూడటానికే బెంగళూరు నుంచి కుర్రకారు బైకుల మీద వచ్చి వాలుతుంటారు.

విచిత్రమేమిటంటే తెలుగు కౌబాయ్ మాత్రం దూరం వెళ్లాడు. కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్.దాస్ దర్శకత్వంలో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది 1971 ఆగస్టులో. కథ ఆరుద్రది. ఎడారి కోసం యూనిట్ మొత్తం రాజస్థాన్ వెళ్లింది. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002లో మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ వచ్చాయి. గుర్రాలు మారాయి, టోపీలు మారాయి. చేతిలో తుపాకి మాత్రం ఎప్పుడూ గురి తప్పలేదు, ఇరుక్కోలేదు, తూటాలు అయిపోలేదు. సినిమా తుపాకికి ఉన్న సుఖం అది.

నిజం తుపాకికి ఆ సుఖం లేదు. ఈ సంగతి గండికోటకు తెలిసినంతగా మరో ఊరికి తెలియదేమో.

పగిలిన ఫిరంగి

పదిహేడో శతాబ్దం నడుమ, గోల్కొండ సుల్తాను కొలువులోని మీర్ జుమ్లా గండికోటను పెమ్మసాని నాయకుల చేతుల్లోంచి లాక్కున్నాడు. వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652 సెప్టెంబరులో అతణ్ని కలవడానికి ఈ కోటకు వచ్చాడు. వచ్చినవాడు వజ్రాల సంగతొక్కటే రాసుకోలేదు, తుపాకుల సంగతీ రాసుకున్నాడు.

మీర్ జుమ్లా దగ్గర మాయే అనే ఫ్రెంచివాడు ఉండేవాడు. ఇరవై ఫిరంగులు పోతపోస్తానని మాటిచ్చాడు. పది పెద్దవి, 48 పౌన్ల గుండు పేల్చేవి. పది చిన్నవి, 24 పౌన్లవి. రాగి కావాలన్నాడు. మీర్ జుమ్లా చుట్టుపక్కల గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ తెప్పించి కుప్ప పోయించాడు. అన్నీ కరిగాయి కానీ గండికోట పెద్దగుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబు మండిపడ్డాడట. ఆ ఆరింటి సంగతి అలా ఉంచితే, కరిగిన రాగితోనైనా ఫిరంగి తయారైందా అంటే అదీ లేదు. ఒకటి పగిలింది. ఒకటి సగంలో ఆగింది. చివరికి మాయే చేతులెత్తేసి కొలువు వదిలి వెళ్లిపోయాడని టావెర్నియే రాశాడు.

ఇన్ని గుళ్లు బోసిపోయినా మిగిలింది పగిలిన గొట్టం. కోటలో ఇప్పుడు మాధవరాయస్వామి గుడి మండపంలో నిలబడితే గర్భగుడి ఖాళీగానే కనిపిస్తుంది. గైడు ఆ ఖాళీకి రకరకాల కారణాలు చెబుతాడు. ఫ్రెంచివాడి కొలిమి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మీట ఆడిస్తే... ఆగిపోతే?

అటు అమెరికాలో కౌబాయ్‌లు ఇంకా ఉన్నారు. ఆవుల్ని కాసేవాళ్లు కాదు, సెలవురోజుల్లో వేషం కట్టేవాళ్లు. 1980ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో కొందరు పాత సినిమాల పిచ్చితో మొదలుపెట్టిన ఆటకు ‘కౌబాయ్ యాక్షన్ షూటింగ్’ అని పేరు. దానికి 1987 నుంచి ఓ సంఘం కూడా ఉంది, ‘సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ’. చేరాలంటే పందొమ్మిదో శతాబ్దపు దుస్తులు వేసుకోవాలి. ఒక మారుపేరు పెట్టుకోవాలి, అది ఇంకెవరికీ ఉండకూడదు. (మన పల్లెల్లో ఆ ఇబ్బంది లేదు. మారుపేరు ఊరే పెడుతుంది!) రెండు రివాల్వర్లు, ఒక రైఫిల్, ఒక షాట్‌గన్ పట్టుకుని, వరసగా నిలబెట్టిన ఇనుప బొమ్మల్ని గడియారంతో పోటీపడి కొట్టాలి. గురి తప్పితే అయిదు సెకన్లు జరిమానా.

రివాల్వరు, రైఫిలు ఎంచుకోవడం తేలికే. తలనొప్పంతా షాట్‌గన్ దగ్గరే. అంటే ఒక్క గుండు కాకుండా గుప్పెడు సీసపు గుళ్లు చిమ్మే తుపాకి. ఆట నిబంధనల ప్రకారం అనుమతి ఉన్నవాటిలో మూడు రకాలు ముఖ్యం. పక్కపక్కన రెండు గొట్టాలుండే డబుల్ బ్యారెల్. గొట్టం కింద పిడిని ముందుకీ వెనక్కీ జరిపే 1897 నాటి పంపు తుపాకి. మూడోది అందరి మనసూ దోచేది... లీవర్ యాక్షన్. ట్రిగ్గరు చుట్టూ వేళ్లు దూరేంత ఇనుప మీట ఉంటుంది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే పేలిన తూటా ఎగిరిపడుతుంది, కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. 1991లో వచ్చిన ‘టెర్మినేటర్-2’లో మోటారుసైకిలు మీద ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ ఒంటిచేత్తో గిర్రున తిప్పి పేల్చిన తుపాకి ఇదే. అలా తిప్పడానికి వీలుగా మీటను పెద్దది చేశారులెండి. మామూలుదాన్ని తిప్పితే వేళ్లు విరుగుతాయి.

ఆ తుపాకి పుట్టుకలోనే మెలిక ఉంది. దాన్ని గీసింది జాన్ బ్రౌనింగ్. తుపాకుల తయారీలో అతణ్ని మించినవాడు లేడంటారు. షాట్‌గన్‌కి మీట సరిపడదు, పంపు మేలని అతనికి తెలుసు. కానీ వించెస్టర్ కంపెనీకి మీట అంటే ఇంటిపేరు లాంటిది. మీటే కావాలంది. అలా 1887లో అయిదు తూటాలు పట్టే ఈ తుపాకి వచ్చింది. 1901 దాకా సుమారు 65 వేలు తయారుచేశారు. ఈలోగా నల్లమందు పోయి పొగరాని మందు వచ్చింది. పాత కమాను దాని ఒత్తిడికి తగినది కాదు. బ్రౌనింగే గీసిన పంపు తుపాకి బజారుకొచ్చాక మీట తుపాకి మూలపడింది. పెళ్లికొడుకు నచ్చకపోయినా ఇంటిపేరు చూసి చేసిన సంబంధంలాంటిదే ఇదీ.

ఇప్పుడు దొరికేవి చాలామటుకు నకళ్లు. చైనాలో నొరింకో, ఇటలీలో చియాపా చేస్తాయి. కొనుక్కున్నవాళ్లు ముందు చేసే పని తుపాకి మరమ్మతు చేసేవాడి దగ్గరికి వెళ్లడం. అరలు నునుపు చేయించాలి, స్ప్రింగులు సరిచేయించాలి. పోటీలో ఒకసారికి రెండు తూటాలకు మించి పెట్టకూడదు కాబట్టి, తెరిచిన నోట్లో రెండూ ఒకేసారి జారవిడిచేలా మార్పించుకోవాలి. ఇన్ని చేశాక కూడా మీటను సగంలో ఆపారో, తూటా అడ్డం తిరుగుతుంది. ఒకటి ఇరుక్కుంటే దాని వెనకది కూడా రాదు. ఎన్ని తూటాలు పట్టేదైనా గొట్టం ఒక్కటే మరి! అందుకే అద్దం ముందు మురిసిపోవడానికి మీట తుపాకి, గెలవడానికి డబుల్ బ్యారెలో పంపో పట్టుకెళ్లేవాళ్లు అక్కడ చాలామంది.

అక్కడ తుపాకి ఆగిపోతే పోయేది కొన్ని సెకన్లు, ఇంకా పోతే ఒక కప్పు.

శెనగచేలో రాత్రి

గండికోట దిగి జమ్మలమడుగు వైపు వస్తే నల్లరేగడి మొదలవుతుంది. చలికాలంలో కనుచూపు మేరా బుడ్డశెనగ. గట్ల మీద అక్కడక్కడా నిలువుగా పాతిన కడప బండలు. కొండవాలులో ఎర్రనేల, శెనక్కాయ పంట. పగలు చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. చీకటి పడ్డాక అడవిపందులు దిగుతాయి. మందగా వచ్చాయంటే తినేది కొంత, మూతితో పెళ్లగించి పాడుచేసేది అంతకు నాలుగింతలు. అప్పు తెచ్చి వేసిన పంట ఒక్క రాత్రిలో దున్నినట్టయిపోతుంది.

ఆ కాపలాకు పూర్వం నుంచీ ఉన్న సాధనం తుపాకి. ఏ తుపాకి అన్నది రైతు ఇష్టం కాదు, చట్టమే ఎంచిపెట్టింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం పంట కాపలాకు ఇచ్చేది గొట్టం మూతిలోంచి మందు కూరే పాతకాలపు తుపాకి. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితేనే తూటాలు వేసే నునుపు గొట్టం తుపాకికి లైసెన్సు. ఆత్మరక్షణకో, ఆటకో అయితే గొట్టం కనీసం 20 అంగుళాలుండే నునుపు గొట్టం తుపాకి. లైసెన్సు చేతికొచ్చినా పందిని కాల్చేయొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి మళ్లీ వేరే అనుమతి కావాలి. కాబట్టి చాలామంది రైతుల తుపాకి చేసేది ఒక్కటే పని. గాల్లోకి పేలి చప్పుడు చేయడం. ఆ చప్పుడైనా కావలసినప్పుడు రావాలి కదా!

మందు కూరే తుపాకితో బాధ అక్కడే. గొట్టంలో మందు పోసి, పీచు కుక్కి, గుళ్లు వేసి, గజంతో దట్టించాలి. ఒకసారి పేలిందంటే మళ్లీ మొదటినుంచీ. మంచుకి మందు చెమ్మగిల్లితే టోపీ ‘టప్’మంటుంది, తుపాకి ఊరుకుంటుంది. ఊరుకుందని మూతిలోకి తొంగిచూసినవాళ్ల కథలు మంచివి కావు. మందు లోపల రాజుకుని, కొన్ని క్షణాలు ఆగి పేలే ప్రమాదం ఉంది. అందుకే పేలని తుపాకిని ఖాళీ వైపు గురిపెట్టి కాసేపు అలాగే పట్టుకోవాలంటారు తెలిసినవాళ్లు.

స్తోమతు ఉన్నవాళ్లు కోరుకునేది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు వెడల్పు ఎంతో, ఆ గొట్టం బోలు అంత. దాదాపు 18.5 మిల్లీమీటర్లు. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలవి, బీహారులోని ముంగేర్‌లో చేసినవి ఎక్కువ కనిపిస్తాయి. పాత ఇళ్లలో బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న వెబ్లీ అండ్ స్కాట్‌లో, గ్రీనర్లో ఉంటే వాటి దర్జా వేరు. 1980ల మధ్య నుంచి మామూలు మనిషి విదేశీ తుపాకి దిగుమతి చేసుకునే వీల్లేదు. పేరున్న షూటర్లకే మినహాయింపు. కాబట్టి వించెస్టర్ మీట తుపాకి మీద ఎంత మోజున్నా కడప రైతు దాన్ని తెరమీద చూడాల్సిందే.

చూస్తే చూశాడు కానీ, చేతికిచ్చినా తీసుకోడేమో. ఎందుకంటే డబుల్ బ్యారెల్‌లో ఉన్నవి రెండు గొట్టాలే కాదు. రెండు ట్రిగ్గర్లు, రెండు సుత్తులు, రెండు స్ప్రింగులు. ఒక కర్రకు బిగించిన రెండు తుపాకులు అది. ఒకవైపు మొండికేసినా రెండోవైపు పలుకుతుంది. తూటా ఇరుక్కునే అరలూ మలుపులూ లేవు. మధ్యకు విరిస్తే లోపలేముందో చీకట్లో వేలితో తడిమి చెప్పొచ్చు. అమెరికాలో పోటీలు గెలిచేవాళ్లు తేల్చిందీ, శెనగచేలో కూర్చున్నవాడికి అనుభవంలో తెలిసిందీ ఒకటే.

గంటలా మోగాలి!

కొత్తది కొనేవాళ్లకన్నా చేతులు మారినదాన్ని తీసుకునేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు ఎద్దుని కొన్నంత పరీక్ష ఉంటుంది.

ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. అమ్మేవాడు ఖాళీ అని చెప్పినా సరే. తర్వాత గొట్టాలు విడదీసి వెలుతురుకి పట్టాలి. లోపల అద్దంలా మెరుస్తూ వలయాలు వలయాలుగా వెలుగు కనిపించాలి. వలయం ఎక్కడైనా వంకరపోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. నల్లటి చుక్కలుంటే తుప్పు తిన్నట్టు. గొట్టాల్ని కొక్కేనికి వేలాడదీసి వేలి కణుపుతో కొడతారు. గుడిగంటలా ఖంగున సాగితే సరి. ‘టక్’మని చచ్చిన చప్పుడొస్తే రెండు గొట్టాల్నీ కలిపే అతుకు ఎక్కడో విడిందన్నమాట. మళ్లీ బిగించి, కర్ర పట్టుకుని ఊపాలి. కీలు దగ్గర కటకటలాడితే, అది ఎంత పెద్ద కంపెనీదైనా చేతులు జోడించి వచ్చేయడమే. పేలినప్పుడు ఆ కీలు వెనక ఉండేది మన చెంప.

ఇంకొకటి చాలామంది మర్చిపోయేది. తుపాకి పేలాల్సినప్పుడు పేలడం ఎంత ముఖ్యమో, పేలకూడనప్పుడు ఊరుకోవడం అంతకన్నా ముఖ్యం. చాలా డబుల్ బ్యారెళ్లలో సేఫ్టీ మీట ట్రిగ్గర్ని మాత్రమే ఆపుతుంది. లోపలి సుత్తి ఎక్కుపెట్టే ఉంటుంది. గట్టు దాటుతూ జారిపడితే, అరిగిన కొక్కెం వదిలేస్తే... సేఫ్టీ వేసి ఉన్నా పేలొచ్చు. అందుకే కంచె దాటేటప్పుడు తుపాకిని మధ్యకు విరిచి, తూటాలు తీసి దాటడం నేర్పేవాళ్లు పెద్దవాళ్లు. 2016లో వచ్చిన ఆయుధాల నిబంధనలు సురక్షితంగా వాడటంలో శిక్షణ పొంది ఉండాలంటున్నాయి. గట్టు మీద నేర్చుకున్నవాళ్లకు అది కాగితంగా కనిపించొచ్చు కానీ, చీకట్లో పంది అనుకుని పక్కచేను కాపలావాణ్ని కాల్చిన ఉదంతాలు మన పల్లెల్లో జరగనివి కావు. చేలో కదిలిందల్లా పంది కాదు. దానికి ఏ తుపాకిలోనూ మరమ్మతు లేదు.

తూటాల సంగతి కూడా చూసుకోవాలి. నంబరు పెరిగేకొద్దీ లోపలి గుళ్లు చిన్నవవుతాయి. వానాకాలం అటక మీద పడి ఉన్న పాత కాగితపు తూటాలు ఉబ్బి, గొట్టంలో దూరవు, దూరినవి బయటికి రావు. బలవంతంగా దూర్చడం తెలివితక్కువ పని. ఎన్ని కొన్నదీ లైసెన్సులో రాస్తారు కాబట్టి ప్రతి తూటాకీ లెక్కుంటుంది. చూద్దామని మనవడు మారాం చేసినా, ‘వద్దురా అబ్బీ, లెక్క జెప్పాల’ అని తాత తుపాకిని గుడ్డలో చుట్టేసేది అందుకే.

ఎన్నికలొస్తే స్టేషనుకి

సీమలో తుపాకి మాట ఎత్తితే ఫ్యాక్షన్ ప్రస్తావన రాకుండా ఉండదు. పందికోసమని తెచ్చుకున్నది ఎవరి వైపు తిరిగిందో చెప్పే ఊళ్లూ ఉన్నాయి. నిజానికి ఆ పగల్లో ఎక్కువ ప్రాణాలు తీసింది నాటుబాంబులూ, వేటకొడవళ్లూ. అయినా అనుమానపు చూపు మొదట పడేది గోడకున్న తుపాకి మీదే. ఈ చూపూ కొత్తది కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికొచ్చాక కలెక్టరు థామస్ మన్రో పాలెగాళ్లను అణచడానికి పట్టుబట్టాడు. అలా బలం పోగొట్టుకున్న ఒక పాలెగాళ్ల ఇంటివాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు, 1847 ఫిబ్రవరిలో కోయిలకుంట్లలో ఉరికంబం ఎక్కాడు.

ఇప్పుడైతే ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకులు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకుంటారు. ఫలితాలొచ్చి, కోడ్ తీసేశాక రసీదు చూపించి తెచ్చుకోవాలి. రసీదులో రాసేది చాలా ముక్తసరి. ‘ఒకటి, 12 బోరు, నంబరు ఇంత’. తాతలనాటి గ్రీనర్ అయినా, నిరుడు కొన్న ముంగేర్ అయినా అదే వాక్యం. స్టేషను నుంచి తిరిగొచ్చినదానికి తుప్పు పట్టకుండా నూనె రాయడం ఇంట్లో ఒక తంతు. 2019లో చట్టం సవరించి ఒక మనిషికి రెండు తుపాకులే అన్నారు. అప్పటిదాకా మూడు ఉండొచ్చు. మూడోదాన్ని వదులుకోవలసిన ఇళ్లలో ఏది వదలాలన్న చర్చ వచ్చినప్పుడు, మెరిసేదాన్నే ఇచ్చేసి కర్ర అరిగిన పాతదాన్ని ఉంచుకున్నారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు లైసెన్సుదారు పోతే బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు ఆ కాగితాల వెంట తిరగలేక డీలరు దగ్గర పెట్టేస్తున్నాడు. చేల చుట్టూ పాత చీరలు కడుతున్నారు. మైకులో కుక్క అరుపులు, మనుషుల కేకలు రికార్డు చేసి రాత్రంతా వినిపిస్తున్నారు. పందులు వారం పదిరోజులు భయపడి, తర్వాత అలవాటుపడతాయి. అప్పుడు కొందరు కంచెకు కరెంటు పెడతారు. అది పందికీ మనిషికీ తేడా చూడదు, ఎవరి లెక్కా చెప్పదు.

గండికోట అంచున పొద్దు కుంకుతుంటుంది. కుర్రాళ్లు ఫొటోలు చూసుకుంటూ టోపీలు సంచుల్లో పెట్టుకుంటారు. చీకటి దట్టమయ్యాక జమ్మలమడుగు రోడ్డు మీద బండి ఆపి కాసేపు నిలబడితే, ఎక్కడో ఒక చేలోంచి రికార్డు చేసిన కుక్క అరుపు వినిపిస్తుంది. దాని వెనకాల, ఇంకా దూరంగా, ఒక్కటే చప్పుడు. కాసేపటికి రెండోది.